ఆర్గ్ మోడ్‌లో ఎఫర్ట్ లెక్క తప్పితే ఎక్కడ చూడాలి

ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో పనుల జాబితాలు రాసుకునే ఆర్గ్ మోడ్‌లో, ఒక పనికి ఎంతసేపు పడుతుందో ఎఫర్ట్ అనే ప్రాపర్టీలో (పనికి తగిలించే వివరం) రాస్తాం. ఇక్కడ చెప్పే పేర్లన్నీ ఫైలులో ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. ఉదాహరణకి విశాఖలో కంప్యూటర్ సర్వీసు చేసేవాళ్ల ఫైలు తీసుకుందాం. పై శీర్షిక "గాజువాక షాపు బిల్లింగ్ సెటప్". దాని కింద ఐదు పనులు, ఒక్కోదానికి 6:00.

సమస్య: కాలమ్ వ్యూలో (పనులని పట్టికలా చూపే తెర) మొత్తం "1డి 6:00" అని వస్తోంది. షాపువాళ్లకి రెండు రోజుల్లో అయిపోతుందని చెప్పేశారు, పని నాలుగో రోజుకీ తేలలేదు.
కారణం: ఆర్గ్‌కి డి అంటే 24 గంటలు, మన ఎనిమిది గంటల పనిదినం కాదు. ఐదు ఆర్లు 30 గంటలు, అందులో 24 తీసి ఒక రోజు అని చూపిస్తోంది. కూడిక తప్పు కాదు, రోజు కొలతే వేరు. ఒక పనికి నేరుగా 1డి అని రాసినా ఇదే తంటా: గడియారం పెట్టి పనిచేస్తుంటే, సమయం దాటిందన్న హెచ్చరిక 24 గంటలు నిండాకే వస్తుంది.
పరిష్కారం: ఈమాక్స్ సెట్టింగుల తెర కస్టమైజ్‌లో ఆర్గ్-డ్యురేషన్-యూనిట్స్ తెరిచి డి విలువ 480 నిమిషాలు చేయండి. వారానికి ఆరు రోజుల పనైతే డబ్ల్యూకి 2880. ఇనిట్ ఫైలులో (ఈమాక్స్ మొదలవగానే చదివే ఫైలు) సెట్‌క్యూ ఆదేశంతో మార్చేవాళ్లు, ఆ తర్వాత ఆర్గ్-డ్యురేషన్-సెట్-రెగెక్స్‌ప్స్ ఫంక్షన్ కూడా నడపాలి. అది మరిస్తే మార్పు సరిగా అందదు. ఇప్పుడు మొత్తం "3డి 6:00" అని కనిపిస్తుంది. రోజుల గోలే వద్దనుకుంటే ఆర్గ్-డ్యురేషన్-ఫార్మాట్‌ని హెచ్:ఎంఎం చేయండి, 30:00 అని వస్తుంది. బయటికెళ్లి చేసే పనులకి ఇదే నయం.

సమస్య: రెండు గంటలని రాస్తే మొత్తంలో 0:02 కలుస్తోంది.
కారణం: కోలన్ లేకుండా ఉత్త 2 రాశారు. ఉత్త అంకె అంటే నిమిషాలు.
పరిష్కారం: 2:00 లేదా 2హెచ్. అరగంటకి 0:30 లేదా 30మిన్. 30ఎం అని మాత్రం రాయకండి, ఎం అంటే నెల! తెలుగు అంకెల్లో ౨:౩౦ అని రాసినా ఆర్గ్ గుర్తించదు.

సమస్య: ఎఫర్ట్ రాసి ఉన్నా కాలమ్‌లో ఖాళీ.
కారణం: ప్రాపర్టీలు రాసే భాగం, అంటే ప్రాపర్టీస్ డ్రాయర్, చోటు తప్పింది. అది శీర్షిక కిందే ఉండాలి. షెడ్యూల్డ్, డెడ్‌లైన్ వరుస ఉంటే దాని వెంటనే. మధ్యలో "సిరిపురం ఆఫీసు నుంచి ప్రింటర్ తీసుకెళ్లాలి" అని ఒక్క ముక్క రాసినా డ్రాయర్ పనిచేయదు.
పరిష్కారం: ఆ వాక్యాన్ని డ్రాయర్ కిందికి దించండి. అసలు చేత్తో రాయకుండా కంట్రోల్-సి, కంట్రోల్-ఎక్స్, ఇ నొక్కితే డ్రాయర్ సరైన చోటే పడుతుంది.

సమస్య: విడి పనులకి సమయం కనిపిస్తోంది, పై శీర్షికకి మొత్తం రావట్లేదు.
పరిష్కారం: ఏ కాలమ్‌లు చూపాలో చెప్పే కాలమ్స్ వరుసలో ఎఫర్ట్ పక్కన మీసాల బ్రాకెట్లలో కోలన్ పెట్టాలి. అదే కూడమని చెప్పే గుర్తు. ఒక జాగ్రత్త: పై శీర్షికకి మీరు ముందే 20:00 అని విడిగా రాసి ఉంటే, కాలమ్ వ్యూ తెరవగానే కింది పనుల మొత్తం దాని మీద పడి ఆ అంకె పోతుంది. కస్టమర్‌కి ఇచ్చిన మాట వేరే ప్రాపర్టీలో దాచుకోండి.

సమస్య: ఎంచుకునే ఎఫర్ట్ విలువలు రాసే ఎఫర్ట్-అండర్‌స్కోర్-ఆల్ వరుసలో 0:15 కొత్తగా చేర్చినా జాబితాలో రావట్లేదు.
పరిష్కారం: ఆ వరుస మీదే కర్సర్ ఉంచి కంట్రోల్-సి రెండుసార్లు. అప్పటిదాకా ఆర్గ్ పాత జాబితానే పట్టుకుని ఉంటుంది. అన్ని ఫైళ్లకీ ఒకే జాబితా కావాలంటే ఆర్గ్-గ్లోబల్-ప్రాపర్టీస్‌లో పెట్టండి.

ఫైలు పెద్దదైతే, తప్పులు వెతికే ఆర్గ్-లింట్ ఆదేశం నడపండి. అర్థంకాని ఎఫర్ట్ విలువలనీ, చోటు తప్పిన డ్రాయర్లనీ వరుస నంబరుతో చూపిస్తుంది. 30ఎం లాంటిది దాని కంటికి సరైన విలువే కాబట్టి పట్టుకోదు. దాన్ని మీరే వెతికి దిద్దాలి.