సెప్టెంబరు 1కి ముందు: తీరంలో బాతుల వేటకు వెళ్లేవారికి జాగ్రత్తలు

బ్రిటన్‌లో అడవి బాతుల వేట సెప్టెంబరు 1న మొదలవుతుంది. ఇంగ్లండు, వేల్స్, స్కాట్లండులలో తీరానికి దూరంగా ఉన్న లోపలి ప్రాంతాల్లో జనవరి 31తో ముగిసే ఈ వేట, పోటునీరు చేరే తీరభూముల్లో ఫిబ్రవరి 20 వరకు సాగుతుంది. తొలి తెల్లవారుజాము కోసం ఆగస్టంతా తుపాకీ తుడుచుకుంటూ, కుక్కను తరిఫీదు చేస్తూ ఎదురుచూసేవారు అందులో సగం శ్రద్ధయినా సముద్రపు పోటు వేళల పట్టిక మీద పెట్టాలి. వాయవ్య ఇంగ్లండు తీరంలోని మోర్‌కాంబ్ బేలో 2004 ఫిబ్రవరి 5 రాత్రి గుల్లలు ఏరుకోవడానికి వెళ్లిన కనీసం 21 మంది చైనా కూలీలు పోటునీటిలో చిక్కుకుని మరణించారు.

పట్టికలో ఇచ్చిన వేళలు చాలాచోట్ల గ్రీనిచ్ కాలమానంలో ఉంటాయి, బ్రిటన్ వేసవి గడియారం దానికి గంట ముందుంటుంది కనుక, అక్టోబరు చివరి ఆదివారం దాకా వాటికి ఒక గంట కలుపుకోవాలి. ఇది మరిచినవారు నీరు ఎప్పుడు వస్తుందన్న లెక్కలో గంట తేడాతో బురదలోకి దిగుతారు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా పెరుగుతుంది. సముద్రం వైపు నుంచి గాలి బలంగా వీస్తున్నా, వాయుపీడనం తగ్గినా నీరు పట్టిక చెప్పిన దానికంటే ఎత్తుగా, కొన్నిసార్లు ముందుగానే వస్తుంది. పైగా నీరు ఎదురుగా మాత్రమే రాదు. మనం దాటి వచ్చిన పాయలు వెనక ముందే నిండిపోయి, కాళ్ల కింద నేల పొడిగా ఉండగానే తిరుగుదారి మూసుకుపోతుంది. అందువల్ల బాతులు ఎంత జోరుగా దిగుతున్నా, ముందే నిర్ణయించుకున్న వేళకు లేచి రావలసిందే. పొగమంచు కమ్మితే గట్టు ఏ వైపు ఉందో తెలియదు కనుక దిక్సూచి దగ్గరుంచుకుని, వెళ్లేటప్పుడే దిశ చూసుకోవాలి.

పాయలో దిగేముందు కర్రతో లోతు చూడాలి. బురదలో కాలు దిగబడితే బలంగా లాగకూడదు. వెనక్కి వాలి బరువు పరుచుకునేలా చేసి, ఒక్కొక్క కాలినే మెల్లగా కదిలించాలి. అలా రాకపోతే ఆలస్యం చేయకుండా బ్రిటన్ అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డును అడగాలి. ఫోనును తడవని సంచిలో పెట్టుకోవలసింది ఇందుకే.

తుపాకీ గొట్టం చివర బురద తాకినట్టు అనుమానం వచ్చినా తూటాలు తీసి, గొట్టంలోంచి వెలుతురు చూడాలి. అడ్డం ఉండగా పేల్చితే గొట్టం పగలవచ్చు. తీరభూముల్లో సీసపు గుళ్లు ఇంగ్లండులో 1999 నుంచి నిషిద్ధం, తర్వాత వేల్స్‌, స్కాట్లండులలోనూ నిషేధించారు. ఉక్కు గుళ్లు వాడేవారు తమ పాత తుపాకీ వాటికి తగినదో కాదో తుపాకీ మరమ్మతుదారు చేత చూపించుకోవాలి. మసక వెలుతురులో షెల్‌డక్, హంస, బ్రెంట్ గూస్ వంటి రక్షిత పక్షులు కనిపిస్తాయి. గుర్తుపట్టలేని పక్షిపై కాల్చకూడదు. (మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి బాతుల వేటే నిషిద్ధం, బ్రిటన్ అనుమతి భారత్‌లో చెల్లదు.)

బయలుదేరేముందు ఇంట్లో ఒకరికి బండి ఆపే చోటు, దిగే పాయ, తిరిగివచ్చే వేళ రాసిచ్చి, ఆ వేళకు ఫోను రాకపోతే 999కి చెప్పమనాలి.