ధర మారాలి, ఫాంట్ మారకూడదు

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒకాయన వెబ్‌సైట్‌కి డిజైన్ నాదే. తేజ, బ్యాడిగి, 334... ఒక్కో మిర్చి రకానికో కార్డు. రోజూ ధరలు చేత్తో మార్చలేక నేను డిజైన్ చేసే ఫిగ్మా అనే సాఫ్ట్‌వేర్‌లో చిన్న ప్లగిన్ (దానికి జోడించే ప్రోగ్రామ్) రాసుకున్నాను.

ఫిగ్మాలో ప్లగిన్‌తో అక్షరం మార్చాలంటే ముందు ఆ ఫాంట్‌ని లోడ్‌ఫాంట్‌అసింక్ అనే కమాండ్‌తో లోడ్ చేయాలి. చేశాను. అయినా కొన్ని కార్డుల దగ్గర ఎర్రర్. రాత్రి పదకొండింటి దాకా టెన్షన్. చివరికి ఫాంట్‌నేమ్ విలువ ప్రింట్ చేసి చూస్తే అక్కడ ఫాంట్ పేరే లేదు, మిక్స్‌డ్ అని ఉంది. ఒకే లేయర్‌లో (ఒకే టెక్స్ట్ ముక్కలో) రకం పేరు రామభద్ర ఫాంట్‌లో, ధర రోబోటో ఫాంట్‌లో ఉన్నాయి మరి.

గెట్‌రేంజ్‌ఆల్‌ఫాంట్‌నేమ్స్‌తో ఆ లేయర్‌లోని ఫాంట్లన్నీ తీసుకుని, అన్నీ లోడ్ అయ్యేదాకా ఆగితే ఎర్రర్ పోయింది. కానీ ధర కూడా రామభద్రలోకి వచ్చేసింది! లేయర్‌లోని అక్షరాలుండే క్యారెక్టర్స్‌కి కొత్త వాక్యం మొత్తం ఇస్తే, మొదటి అక్షరం స్టైలే అంతటికీ పడుతుంది. అందుకని ఇన్సర్ట్‌క్యారెక్టర్స్‌తో కొత్త ధరను పాత అంకెల పక్కనే చేర్చి, ఆ తర్వాతే డిలీట్‌క్యారెక్టర్స్‌తో పాతవి తీసేశాను. ఈ వరస తప్పకూడదు. ముందే తీసేస్తే కొత్త అంకెలు స్టైల్ అందుకోవడానికి పక్కన రోబోటో అక్షరం మిగలదు.

నిన్న పొద్దున కార్డులన్నీ ఒక్క క్లిక్‌తో మారాయి. యార్డులో వేలం మొదలయ్యేలోపే ఆయనకి పంపేశాను.