ఎక్స్‌కవేటర్ గంటకు ఎంత డీజిల్ తాగుతోంది? సరిగ్గా కొలవడం ఎలా?

ఎక్స్‌కవేటర్, డోజర్, లోడర్ లాంటి మెషిన్లకు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్న ప్రశ్న పనికిరాదు. గంటకు ఎన్ని లీటర్లు అన్నదే లెక్క. ఇది తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. ఫుల్ ట్యాంక్ పద్ధతి చాలు, కాకపోతే ప్రతిసారీ ఒకేలా చేయాలి.

1. మెషిన్‌ను చదునైన నేల మీద నిలిపి, ఇంజిన్ ఆపి, డీజిల్ నింపండి. నురగ అణిగాక ఇంకొంచెం పడుతుంది. అందుకే కాసేపు ఆగి, ట్యాంకు మూతి దగ్గర పెట్టుకున్న గుర్తు దాకా మళ్లీ నింపాలి. ట్యాంకు వెడల్పుగా ఉంటుంది కాబట్టి మెషిన్ కాస్త ఒరిగి ఉన్నా కొన్ని లీటర్లు తేడా వచ్చేస్తుంది. డ్యాష్‌బోర్డు మీది ముల్లును నమ్మి లెక్క వేయకండి.

2. ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో చూపే అవర్ మీటర్ రీడింగ్‌ను దశాంశంతో సహా రాసుకోండి. దశాంశ అంకె ఒకటి మారితే 6 నిమిషాలు. కొన్ని పాత మెషిన్లలో ఇంజిన్ ఆగి ఉన్నా తాళం ఆన్‌లో ఉంటే మీటర్ తిరుగుతుంది. మీది అలాంటిదేమో ముందే చూసుకోండి.

3. రోజూ చేసే పనే చేయించండి. ఒక షిఫ్ట్ కంటే రెండు మూడు షిఫ్టులు నయం. నింపడంలో 2 లీటర్లు తప్పు పోతే 20 లీటర్ల మీద అది 10 శాతం, 200 లీటర్ల మీద 1 శాతమే.

4. అదే చోట, అదే గుర్తు దాకా మళ్లీ నింపండి. రీడింగ్ 4210.4 నుంచి 4226.4కి వచ్చి, 200 లీటర్లు పట్టిందనుకోండి. 16 గంటలకు 200 అంటే గంటకు 12.5 లీటర్లు.

వీలైతే రెండుసార్లూ ఒకే వేళకు నింపండి. డీజిల్ వేడికి వ్యాకోచిస్తుంది. 15 డిగ్రీల తేడాకు 200 లీటర్లలో సుమారు రెండున్నర లీటర్లు మారుతుంది.

ఇక్కడితో ఆగిపోతే మాత్రం లెక్క మోసం చేస్తుంది. ఒక రోజు మెషిన్ 10 గంటలు తిరిగి, గంటకు 15 లీటర్లు తాగి, 900 ఘనపు మీటర్ల మట్టి తీసింది. ఇంకో రోజు అదే 10 గంటల్లో గంటకు 12 లీటర్లే తాగింది, తీసిన మట్టి 600 ఘనపు మీటర్లు. రెండో రోజు పొదుపుగా నడిచినట్టు కనిపిస్తుంది. కానీ మొదటి రోజు లీటరుకు 6 ఘనపు మీటర్లు తీస్తే, రెండో రోజు 5 మాత్రమే. టిప్పర్ల కోసం ఎదురుచూస్తూ ఇంజిన్ ఊరికే ఆన్‌లో ఉన్న గంటలే అలా సగటును తగ్గిస్తాయి. కాబట్టి లాగ్ బుక్‌లో గంటలు, లీటర్లతో పాటు చేసిన పని, ఖాళీగా తిరిగిన సమయం కూడా తప్పకుండా రాయించండి. ఆపరేటర్‌ను తప్పుపట్టే ముందు ఈ నాలుగూ చూడటం న్యాయం.

పైపులో పారే డీజిల్‌ను కొలిచే ఫ్లో మీటర్ పెట్టేటట్టయితే ఒకటి చాలదు. ఇంజిన్‌కు వెళ్లిన డీజిల్‌లో కొంత రిటర్న్ లైన్ ద్వారా ట్యాంకుకు తిరిగొస్తుంది. రెండు లైన్లనూ కొలిచి తేడా తీయాలి. ఆ పని మెకానిక్‌కే వదిలేయండి. కామన్ రైల్ ఇంజిన్‌లో (ఒకే పైపు నుంచి అన్ని సిలిండర్లకూ చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే రకం) హై ప్రెషర్ లైన్‌ను ఎవరూ విప్పకూడదు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

కొత్త మెషిన్లలో స్క్రీన్ మీదే డీజిల్ ఖర్చు కనిపిస్తుంది. అది ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు వెళ్లిన ఆదేశాల నుంచి కంప్యూటర్ కట్టిన అంచనా. మూడు నాలుగు ఫుల్ ట్యాంక్ లెక్కలతో పోల్చండి. ప్రతిసారీ ఒకే శాతం తేడా ఉంటే దాన్ని సరిచేసుకుని స్క్రీన్‌నే వాడుకోవచ్చు. తేడా ఒక్కోసారి ఒక్కోలా ఉంటే ముందు నింపే తీరును, తర్వాత లీకేజీని చూడండి.