పార్సిల్‌లో వచ్చిన కోడిపిల్లలు వాలిపోతుంటే: లక్షణం, కారణం, చేయాల్సింది

వనరాజా, గ్రామప్రియ, గిరిరాజ రకాల కోడిపిల్లలు హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో బయల్దేరి, 44వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రంతా కుదుపులు తిని తెల్లారేసరికి కర్నూలులోనో అనంతపురంలోనో దిగుతాయి. కడప వైపు అయితే ఇంకొన్ని గంటలు. గుడ్డు పగిలి వచ్చిన పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొనతో రెండు మూడు రోజులు మేత లేకుండా నెట్టుకురాగలదు. పిల్లల్ని పార్సిల్ వేసేది ఈ ధైర్యంతోనే. కానీ ఎండకు పెట్టెలో ఆవిరైపోయిన నీటిని పచ్చసొన పూడ్చలేదు.

పిల్ల తల వాల్చగానే యాంటీబయాటిక్ కోసం పరుగెత్తేవాళ్లే ఎక్కువ. దానికంటే ముందు, పిల్లలు వచ్చి ఎన్నో రోజు అయిందో లెక్కపెట్టండి. కారణం సగం అక్కడే తెలిసిపోతుంది.

పెట్టె తెరవగానే: కళ్లు మూసుకుని, మెడ వాల్చి పడున్నాయి

పిల్లను తీసి దాని పాదాలు మీ చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే చలి పట్టింది. వెచ్చగానే ఉండి, కాళ్ల మీది చర్మం ఎండి, నరం తేలి కనిపిస్తే ఒంట్లో నీరు పోయింది. రెండూ కలిసి ఉండొచ్చు.

చల్లబడిన పిల్లకు ముందు నీళ్లు పట్టొద్దు, మింగలేదు. అట్టపెట్టెలో గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పెట్టి, దాని పక్కన అరగంట ఉంచండి. లేచి నిలబడ్డాకే నీళ్లు.

లీటరు గోరువెచ్చని నీటిలో 50 గ్రాముల గ్లూకోజు గానీ బెల్లం గానీ కలపండి. ముక్కు కొన మాత్రం ముంచి తీయాలి, పైనున్న రంధ్రాలు మునగకూడదు. తాగలేకపోతే సూది తీసేసిన సిరంజితో ముక్కు అంచున ఒక్కో చుక్క వదలండి, అదే నాకి మింగుతుంది. నోరు తెరిచి పోయడం మాత్రం వద్దు. నాలుక మొదట్లో కనిపించే రంధ్రం గాలిగొట్టం, నీళ్లు పోస్తే తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

తీపి నీళ్లు మొదటి మూడు నాలుగు గంటలే. ఆ తర్వాత మామూలు నీళ్లు, ప్యాకెట్టు మీద రాసిన మోతాదులో ఎలక్ట్రోలైట్ (లవణాల) పొడి. రోజంతా బెల్లం నీళ్లే ఉంచితే రెట్ట పలచనై ముడ్డికి అంటుకుంటుంది. ఎండాకాలంలో ఆ నీళ్లు పులుస్తాయి కూడా. డ్రింకరు అంచులో గులకరాళ్లు వేస్తే నీరసపు పిల్లలు అందులో పడి మునిగిపోవు. నీళ్లు తాగిన రెండు గంటలకు మేత.

బల్బు కింద కుప్పపడుతున్నాయి, లేదా దూరంగా పోయి రొప్పుతున్నాయి

కుప్పపడితే చలి. దూరంగా రెక్కలు విప్పి రొప్పితే వేడి ఎక్కువ. అన్నీ ఒకే పక్కకు చేరితే ఎదురు పక్క నుంచి గాలి కొడుతోంది. థర్మామీటరు పిల్ల వీపు ఎత్తులో పెట్టి చూడండి: మొదటి వారం 33 నుంచి 35 డిగ్రీలు, తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. చలికాలంలో పిల్లకు 2 వాట్ల లెక్కన వంద పిల్లలకు వంద వాట్ల బల్బులు రెండు, నేల నుంచి అడుగున్నర ఎత్తులో. ఎల్ఈడీ బల్బు వెలుతురిస్తుంది గానీ వేడినివ్వదు. షాపులో పాత రకం బల్బు దొరక్క ఎల్ఈడీ తెచ్చి పెట్టి, పిల్లలు ఎందుకు చస్తున్నాయో తెలియక తలపట్టుకునేవాళ్లు ఉన్నారు.

మే నెల మన రేకుల షెడ్డుకు ఈ లెక్కలు పనికిరావు. పగలు బల్బులు ఆర్పేసి, రేకుల మీద తడి గోనెపట్టలు వేయండి. రాత్రికి వెలుతురు కోసం ఒకటి చాలు. కరెంటు పోయిందని తలుపులన్నీ మూసి బొగ్గుల కుంపటి పెడితే, దాని విషవాయువుకు తెల్లారేసరికి పిల్లలన్నీ పోతాయి. వేడినీళ్ల సీసాలే నయం.

ముడ్డి మూసుకుపోయింది

ప్రయాణంలో చలి గానీ వేడి గానీ తగిలిన పిల్లల్లో ఇది మామూలే. గోరువెచ్చని నీటిలో దూది ముంచి గడ్డ మెత్తబడేదాకా అద్దండి, లాగొద్దు. ఊడాక తుడిచి ఆరబెట్టి, కొబ్బరినూనె చుక్క రాసి, వెచ్చగా ఆరినాకే గుంపులో వదలండి. బొడ్డు వేరు, ముడ్డి వేరు. బొడ్డు ఇంకా ముందుకు, పొట్ట కింద ఉంటుంది. అక్కడ ఎండిన తాడు ముక్కను రెట్ట అనుకుని పీకితే పేగు బయటికొస్తుంది.

ఒకటి రెండింటికి కాకుండా చాలా పిల్లలకు సున్నంలాంటి తెల్లరెట్ట అంటుకుని, చావులు కూడా ఉంటే తెల్లపారుడు అని అనుమానించాలి. అది ఎక్కువగా తల్లి నుంచి గుడ్డులోనే వస్తుంది. మందుతో చావులు తగ్గినా, బతికిన పిల్లలు రోగాన్ని మోస్తూనే ఉంటాయి. వాటి గుడ్లు పొదగేయకండి.

మూడు రోజులు బాగుండి, నాలుగో రోజు వరసగా చస్తున్నాయి

పచ్చసొన అయిపోయింది, మేత తినడం ఇంకా రాలేదు. చచ్చినదాన్ని కోసి చూస్తే కందనకాయలో కింద పరిచిన పొట్టు ముక్కలు తప్ప ఏమీ ఉండదు. ఇది వచ్చిన రోజు రాత్రే పట్టుకోవచ్చు. పది పిల్లల్ని తీసి మెడ కింద మేతసంచి నొక్కి చూడండి. మెత్తగా నిండుగా ఉంటే సరే. గట్టిగా ఉంటే మేత దొరికింది, నీళ్లు దొరకలేదు. ఖాళీగా ఉంటే మేతే కనబడలేదు. ఖాళీ పిల్లల్ని వేరు చేసి, గోనెపట్ట మీద నూకలు గానీ మరపట్టిన కొర్రలు గానీ చల్లి వేలితో టకటకా కొట్టండి. తల్లికోడి ముక్కు చప్పుడనుకుని వచ్చి పొడుస్తాయి. ఒకటి పొడిస్తే మిగతావి నేర్చుకుంటాయి. రెండో రోజు నుంచి స్టార్టర్ (చిన్న పిల్లల) మేతే పెట్టాలి, నూకల్లో మాంసకృత్తులు చాలవు.

బొడ్డు తడిగా, పొట్ట ఉబ్బి, దుర్వాసన వస్తుంటే అది చాలావరకు హేచరీ (గుడ్లు పొదిగించే కేంద్రం) దగ్గర పట్టిన సూక్ష్మజీవే, మీ పెంపకంలో లోపం కాకపోవచ్చు. కొద్దిగా ఉన్నవాటికి పోవిడోన్ అయోడిన్ రాయొచ్చు. పొట్ట మెత్తగా జారిపోతున్నవి బతకవు. పిల్లలు అందిన రోజే పెట్టె ఫొటోలు, చచ్చినవాటి లెక్క హేచరీకి పంపించి ఉంచండి.

నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాయి

చల్లబరిస్తే తగ్గేది ఎండ రొప్పు. వారం వయసులో, చల్లటి వేళ కూడా, చప్పుడు లేకుండా నోరు తెరుస్తుంటే కింద పరిచిన పొట్టు చూడండి. మన దగ్గర బుడ్డల (వేరుశనగ) పొట్టు చవక, పరుపుగా బాగా పనికొస్తుంది. కానీ వానకు తడిసి ఆరిన పొట్టులో బూజు ఉంటుంది. దోసిట్లోకి తీసుకుని దులిపితే బూడిదలాంటి దుమ్ము లేచి ముక్కిన వాసన వేస్తే అది పారేయాల్సిందే. ఆ బూజు ఊపిరితిత్తుల్లో పెరిగితే ఆచరణలో మందు లేదు. పరుపు మార్చి మిగతావాటిని కాపాడుకోవాలి. బూజుపట్టిన బుడ్డల చెక్క మేతలో కలపడం కూడా అంతే ప్రమాదం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, తేలిన కారణం వేరుశనగ చెక్కలోని బూజు విషమే.

కాళ్లు విచ్చుకుపోయాయి

నున్నటి న్యూస్‌పేపరు మీద జారిన ఫలితం. కాళ్ల మధ్య బొటనవేలి వెడల్పు వదిలి బ్యాండ్ ఎయిడ్ పట్టీతో రెండింటినీ కలపండి, గోనెపట్ట మీద ఉంచండి. మొదటి రెండు రోజుల్లో కడితే నాలుగైదు రోజుల్లో సర్దుకుంటుంది. వేళ్లు లోపలికి ముడుచుకుంటే బి2 లోపం, బి కాంప్లెక్స్ ద్రావణం ఇవ్వండి.

రెండు వారాలు దాటాక రెట్టలో రక్తం

రక్తపారుడు. తడి పరుపే దానికి పుట్టిల్లు. 20 శాతం ఆంప్రోలియం పొడి లీటరు నీటికి 1.2 గ్రాములు, అయిదు రోజులు, వేరే నీళ్లు లేకుండా. ఈ మందు బి1కు అడ్డుపడి పనిచేస్తుంది కాబట్టి ఆ రోజుల్లో బి కాంప్లెక్స్ ఆపేయాలి.

కొక్కెర తెగులుకు లసోటా టీకా చుక్క 5 నుంచి 7వ రోజు మధ్య వేస్తారు. నీరసంగా ఉన్న పిల్లలకు వేయకండి, తేరుకున్నాకే. ఒక్కరోజులో వందకు అయిదారు పోతుంటే ఇంటి చిట్కాలు ఆపి, పశువైద్య సాయం నంబరు 1962కు ఫోన్ చేయండి లేదా దగ్గరి పశువైద్యశాలకు వెళ్లండి. అప్పుడే చచ్చిన పిల్లలు రెండు మూడు ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఐసు మధ్య పెట్టి తీసుకెళ్లాలి. ఫ్రీజరులో గడ్డకట్టిస్తే కోసి చూడటానికి పనికిరావు.