కడప నుంచి రాజమండ్రికి: విమాన దూరం, ప్రయాణ సమయం లెక్కగట్టడం ఎలా?

చిన్న విమానాశ్రయాల మధ్య దూరం ఎంతని వెతికితే ఒక్కో సైటు ఒక్కో అంకె చూపిస్తుంది. ఒకటి ఊరి నడిబొడ్డు నుంచి కొలుస్తుంది, ఇంకోటి రన్‌వే నుంచి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంటే మనమే తేల్చుకోవచ్చు.

ముందుగా మ్యాపులో విమానాశ్రయం మీదే వేలు నొక్కిపెట్టి అక్షాంశ రేఖాంశాలు తీసుకోండి. ఊరి పేరు కొట్టి వచ్చినవి వద్దు: కర్నూలు విమానాశ్రయం ఉన్నది ఓర్వకల్లు దగ్గర, రాజమండ్రిది మధురపూడిలో. కడప 14.51, 78.77. రాజమండ్రి 17.11, 81.82.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కడప అక్షాంశం కొన్నిచోట్ల 14°30′36″ అని ఉంటుంది. దాన్ని 14.30 అని రాసుకుంటే విమానాశ్రయం ఉన్న చోటే 23 కిలోమీటర్లు పక్కకు జరిగిపోతుంది. నిమిషాలను 60తో, సెకన్లను 3600తో భాగించి కలపాలి. అప్పుడే 14.51 వస్తుంది.

ఇక లెక్క. అక్షాంశాల తేడా 2.60. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున ఉత్తర దక్షిణాలుగా 289. రేఖాంశాల తేడా 3.05. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి కాబట్టి, దీన్ని 111తో పాటు సగటు అక్షాంశం (15.81) కొసైన్‌తో (క్యాలిక్యులేటర్‌లో cos మీట), అంటే 0.962తో కూడా గుణించాలి: 326. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే సుమారు 435 కిలోమీటర్లు. పైలట్ల భాషలో 235 నాటికల్ మైళ్లు. కొసైన్ మరిచిపోతే మన దగ్గర పది కిలోమీటర్లే పెరుగుతుంది గానీ, లేహ్ దగ్గరైతే తూర్పు పడమరల దూరం ఐదో వంతు ఎక్కువ చూపిస్తుంది. హైదరాబాద్ నుంచి డాలస్ లాంటి దూరాలకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. భూమి గుండ్రాన్ని లెక్కలోకి తీసుకునే సూత్రం వాడాలి.

ఈ తరహా రూట్లలో ఎక్కువగా తిరిగేది ఏటీఆర్ 72 అనే చిన్న ప్రొపెల్లర్ విమానం. గంటకు 500 కిలోమీటర్లు అనుకుంటే 435కి 52 నిమిషాలు. పైకి ఎక్కడానికి, దిగేముందు తిరగడానికి ఇంకో 15 కలపండి: గంటా ఏడు నిమిషాలు. టికెట్ మీది సమయం ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే అది విమానం గేటు వదిలినప్పటి నుంచి మళ్లీ గేటు దగ్గర ఆగేదాకా. గంటకు 30 కిలోమీటర్ల ఎదురుగాలి ఉన్నా ఈ దూరానికి తేడా మూడు నాలుగు నిమిషాలే, దాని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

అసలు సమయాన్ని తినేసేది హైదరాబాద్. నేరుగా విమానం లేకపోతే కడప నుంచి శంషాబాద్‌కు 305, అక్కణ్నుంచి రాజమండ్రికి 360, మొత్తం 665 కిలోమీటర్లు. గాల్లో గడిపేదే గంటా యాభై నిమిషాలు, ఆపైన మధ్యలో నిరీక్షణ. రెండూ ఒకే టికెట్ (ఒకే పీఎన్ఆర్) మీద తీసుకోండి. విడివిడిగా కొన్నాక మొదటిది ఆలస్యమైతే రెండోదాని డబ్బు సాధారణంగా పోయినట్టే. చలికాలం పొద్దుటి విమానమైతే పొగమంచు కోసం ఇంకో గంట వెసులుబాటు పెట్టుకోండి. ఐఎల్‌ఎస్ (రేడియో సంకేతాలతో రన్‌వేకు దారి చూపే ఏర్పాటు) లేని చిన్న రన్‌వే మీద దిగాలంటే పైలట్‌కు దూరం నుంచే రన్‌వే కనబడాలి, మంచు విడిచేదాకా ఆగక తప్పదు.