బోదె గట్టు మీద పత్రి మొక్కలు: తేనెటీగలకు చోటివ్వడం ఎలా

చవితి పత్రిలో ఉత్తరేణి, వావిలి, జిల్లేడు, విష్ణుక్రాంతం, వాకుడు అన్నీ గట్టు మొక్కలే. గడ్డిమందు కొట్టి వాటిని పోగొట్టుకున్నాక, పంట పూత లేని రోజుల్లో తేనెటీగలకు తిండి కరవైంది. బీర, దోస, గుమ్మడి పాదుల్లో పిందెలు పసుపెక్కి రాలిపోతుంటే చాలాసార్లు కారణం ఆడపువ్వుకి పుప్పొడి అందకపోవడమే.

చేల మధ్య సన్నగట్ల జోలికి వెళ్లకండి, అక్కడ గుబురు పెరిగితే ఎలుకలు కాపురం పెడతాయి. బోదె గట్టు, చెరువు గట్టు, కొబ్బరితోట అంచు మంచివి. మూడడుగుల వెడల్పు చాలు.

చెమ్మ ఉండే వైపు వావిలి పెట్టండి. తొలకరి పడ్డాక బొటనవేలు లావు కొమ్మని మూరెడు ముక్కలుగా కోసి, కణుపు కళ్లు పైకి ఉండేలా సగం దాకా పాతండి. నాలుగడుగులకొకటి. తలకిందులుగా పాతితే ఎండిపోతుంది. నీళ్లు నిలవని మెరకలో జిల్లేడు వేయండి, పాలు కంట్లో పడకుండా చూసుకోండి. దాని ఆకుల మీద నలుపు, పసుపు, తెలుపు చారల పురుగులు కనిపిస్తే చంపకండి. అవి సీతాకోకచిలుక పిల్లలు, వరినీ కూరపాదుల్నీ ముట్టవు.

వెంపలి గింజ తొక్క గట్టిది, ఊరికే చల్లితే చాలావరకు మొలవదు. మరిగించి దించిన నీళ్లలో పోసి, రాత్రంతా ఉంచి, ఉబ్బినవి మాత్రమే చల్లండి. ఉబ్బనివాటిని ఇసుకతో రుద్ది మళ్లీ నానబెట్టండి. తుమ్మి గింజ సన్నం. పిడికెడు గింజకి పది పిడికిళ్ల పొడి ఇసుక కలిపి పైపైన చల్లండి. మట్టి కప్పితే పైకి రాలేదు.

వంగ వేసేచోట వాకుడు వద్దు, అక్షింతల పురుగు రెండిటినీ తింటుంది. ఉత్తరేణి దారి పక్కన పెరిగితే గింజలు పంచెకి పట్టుకుంటాయి, లోపలి వైపు ఉంచండి. వయ్యారిభామని పూత రాకముందే చేతికి తొడుగేసుకుని పీకండి. గడ్డిచామంతి మన దేశపు మొక్క కాదు, అయినా సీతాకోకచిలుకలు వాలతాయి కాబట్టి తుమ్మిని కమ్మేయనంతవరకు ఉండనివ్వండి.

పూలొక్కటే చాలవు, గూడూ కావాలి. నేలలో గూడు కట్టే ఈగల కోసం గట్టు మెరకలో అక్కడక్కడా మూరెడు నేలని బోడిగా వదలండి. ఎండిన మామిడి కొమ్మ, వెదురుబొంగు నీడలో కట్టి ఉంచితే నల్లతుమ్మెద తొలుచుకుంటుంది. వంగ పువ్వుని అది కావలించుకుని ఝుమ్మంటే, ఆ అదురుకి పుప్పొడి దాని పొట్ట మీద రాలుతుంది. తేనెటీగకి ఆ అదురు చేతకాదు.

గట్టు కోయాల్సి వస్తే ఒకేసారి నున్నగా గొరగకండి. సగం కోసి, అది చిగిర్చి పూతకి వచ్చాక మిగతా సగం కోయండి.

పురుగుమందు సాయంత్రం కొట్టమంటారు. దోస, గుమ్మడికి అది సరే, వాటి పూలు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి. బీర పువ్వు సాయంత్రమే విచ్చుకుంటుంది, దానికి ఆ వేళ పనికిరాదు. ఇక ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ అనే పురుగుమందులు మొక్కలోకి ఎక్కి తేనెలోకీ పుప్పొడిలోకీ వస్తాయి. పాదు పూత మీదున్నప్పుడు ఏ వేళైనా వాటిని వాడకండి.