వంశవృక్షంలో పేర్లకు ముందు అంకెలు

వంశవృక్షం రాయడం మొదలుపెట్టాక మూడో తరానికే తికమక వస్తుంది. ఒకే పేరు తాతకీ, ముత్తాతకీ, ఒక్కోసారి అమ్మ తరఫు వాళ్లకీ కూడా ఉంటుంది. దానికి 1590 నాటికే ఐట్సింగర్ అనే ఆయన వాడిన ఒక లెక్క ఉంది, ఇప్పటికీ అంతకన్నా తేలికైనది నాకు కనిపించలేదు.

మీరు 1. నాన్న 2, అమ్మ 3. ఆ తర్వాత ఎవరి అంకెనైనా రెట్టింపు చేస్తే వాళ్ల నాన్న, దానికి ఒకటి కలిపితే వాళ్ల అమ్మ. అమ్మమ్మ 7 కాబట్టి వాళ్ల నాన్న 14, అమ్మ 15. ఫోటో వెనకా, పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసిన ఆడియో ఫైలు పేరులోనూ, నోటుబుక్కులోనూ అదే అంకె వేస్తే వెతుక్కోనక్కర్లేదు. ఫోటో వెనక రాసేది మాత్రం మెత్తటి పెన్సిల్‌తో, అదీ అంచున. బాల్ పెన్ను నొక్కు ముఖం మీదకి తేలుతుంది.

ఇంకో లాభం, ఖాళీలు వాటంతటవే బయటపడతాయి. నా జాబితాలో 8 నుంచి 15 దాకా రాసి చూస్తే మగవాళ్ల పేర్లన్నీ ఉన్నాయి, బేసి అంకెల్లో సగం ఖాళీ. ఆడవాళ్ల పుట్టింటి ఇంటిపేరు ముందే అడగాల్సింది, నేను ఆలస్యం చేశాను.

పెద్దవాళ్లని "ఏ సంవత్సరం?" అని అడిగితే తడుముకుంటారు. "అప్పటికి మీ చిన్నాడు నడుస్తున్నాడా?" అనండి, ఠక్కున చెప్తారు. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో పక్కనే రాసుకోండి. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ ఉంచండి, కొట్టేయకండి.